ఆట ఒకటే, కార్డులు మూడు: నువ్వా నేనా అన్న రౌండుకి మార్కులు వేయడం

టీవీలో బాక్సింగ్ చూస్తూ జడ్జీల్లాగా మనమూ మార్కులు వేయాలంటే, ముందుగా ఒక పాత లాంగ్ నోట్‌బుక్ తీసుకోండి. వెనకవైపు ఓ పది పేజీలు ఖాళీగా ఉంటే చాలు. పేజీలో నిలువుగా నాలుగు గళ్లు గీయండి: రౌండ్ నంబరు, ఎర్ర మూల, నీలం మూల (రింగ్‌లో ఇద్దరు ఆటగాళ్ల మూలలు ఇవి), కారణం. మొదటి మూడూ సన్నగా ఉన్నా ఫర్వాలేదు గాని కారణం గడి వెడల్పుగా ఉండాలి. పెన్నుతోనే రాయాలి. ఫోన్‌లో రాసుకుంటానని మా మేనకోడలు అంటే నేను ఒప్పుకోలేదు. ఫోన్‌లో చెరిపేస్తే జాడ ఉండదు. కాగితం మీద కొట్టేసింది కొట్టేసినట్టే కనబడుతుంది, మన మనసు ఏ రౌండ్ దగ్గర ఊగిందో తర్వాత తెలుస్తుంది.

నేను పాలకొల్లు దగ్గర ఒక హైస్కూల్లో పీఈటీని. చదువుకునే రోజుల్లో విశాఖపట్నంలో నాలుగేళ్లు గ్లవ్స్ తొడిగాను. గెలిచినవాటికంటే ఓడినవే ఎక్కువ, అది దాచుకోను. తర్వాత పిల్లల పోటీలకి జడ్జీగా కూర్చోవడం మొదలైంది. మా గోదావరి జిల్లాల్లో కబడ్డీకీ వాలీబాల్‌కీ ఉన్న గిరాకీ బాక్సింగ్‌కి లేదు, సంక్రాంతికి పోరాటం అంటే కోళ్లదే. అయినా మా ఇంట్లో ఆదివారం పొద్దున్న నలుగురం టీవీ ముందు చేరతాం. అమెరికాలో శనివారం రాత్రి జరిగే పెద్ద ఫైట్ మనకి ఆదివారం టిఫిన్ల వేళకి వస్తుంది. పెసరట్టు ఒక చేత్తో, పెన్ను ఒక చేత్తో.

ఆ నలుగురిలో మా బావ ఒకడు. పాలకొల్లులో కొబ్బరికాయల వ్యాపారం. ఆయన లెక్కలో ముందుకి నడిచినవాడే మొగాడు, వెనక్కి అడుగేస్తే బేరం దిగిపోయినట్టే. ఇంకొకరు మా వీధి చివరుండే రాజుగారు. భీమవరం పక్కన రొయ్యల చెరువులున్నాయి, పందెం కోళ్ల సంగతిలో ఆయనకి తెలియనిది లేదు. ఆయన దెబ్బలు లెక్కపెట్టరు. దెబ్బ తిన్నవాడి కాళ్లు చూస్తారు. "వందసార్లు తట్టడం కాదు మాస్టారూ, ఒక్కటి దిగిందా లేదా?" అంటారు. మూడోది మా అక్క కూతురు. బ్యాంకులో ఉద్యోగం. తగిలిన ప్రతి దెబ్బకీ ఒక గీత గీస్తుంది, అయిదో గీత అడ్డంగా. సాయంత్రం క్యాష్ సరిచూసుకున్నంత శ్రద్ధగా చేస్తుంది.

ఒకే రౌండ్ చూసి ఈ ముగ్గురూ మూడు రకాలుగా మార్కులు వేస్తారు. ముగ్గురూ కళ్లు తెరుచుకునే చూశారు, ఎవరూ అబద్ధమాడలేదు. పెద్ద పోటీల్లో జరిగేదీ ఇదే. తేడా కళ్లలో లేదు, దేన్ని విలువైన దెబ్బ అనుకుంటున్నాం అన్నదాంట్లో ఉంది. కాబట్టి మార్కులు వేయడం నేర్చుకోవాలంటే ముందు మనం మా బావ జాతా, రాజుగారి జాతా, మేనకోడలి జాతా తేల్చుకోవాలి.

పది మార్కుల లెక్క

ప్రొఫెషనల్ ఫైట్లలో ముగ్గురు జడ్జీలు రింగ్‌కి మూడు పక్కల కూర్చుంటారు. ఏ రౌండుకి ఆ రౌండే. గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9. ఓడినవాడు ఆ రౌండులో ఒకసారి కింద పడితే 8, రెండుసార్లు పడితే 7. తప్పుడు దెబ్బకి రెఫరీ పాయింటు కోస్తే అది విడిగా తీసేస్తారు. ఇద్దరూ సమానం అనిపిస్తే 10-10 వేయచ్చు, కానీ తరచూ అలా వేసే జడ్జిని ఎవరూ మెచ్చరు. తేల్చడానికి కూర్చోబెడితే తేల్చకుండా లేచాడంటారు.

ఈ పద్ధతిలో ఒక కిటుకుంది. వెంట్రుకవాసి తేడాతో గెలిచిన రౌండుకీ 10-9, మూడు నిమిషాలూ ఉతికి ఆరేసిన రౌండుకీ చాలాసార్లు 10-9. ఒకడు నాలుగు రౌండ్లలో ఎదుటివాణ్ణి చితక్కొట్టి, మిగతా ఎనిమిది రౌండ్లలో కొద్దికొద్దిగా వెనకబడ్డాడనుకోండి. మన మనసుకి అతనే గెలిచినట్టుంటుంది, జడ్జి మార్కులు వేసే కాగితం, అదే కార్డు, దాని మీద 116-112 తేడాతో ఓడిపోతాడు. "అంతలా కొట్టాడు కదా, ఎలా ఓడాడు?" అని మా బావ టీవీ మీద కేకలేసేది ఇలాంటప్పుడే. ఫైట్ మొత్తంగా ఎవరు గెలిచారని కార్డు అడగదు. ఎన్ని రౌండ్లు ఎవరివి అని మాత్రమే అడుగుతుంది.

కూడికలు ఒకసారి చేతికి అలవాటు చేసుకోండి. 12 రౌండ్లలో 7-5 అయితే 115-113. ఒక్క రౌండ్ అటు నుంచి ఇటు మారితే 114-114, డ్రా. 10-2 అయితే 118-110. ఇవి నోటికొస్తే, కార్డులు చదివి వినిపిస్తుండగానే ఏ జడ్జి ఎవరికి ఎన్ని రౌండ్లు ఇచ్చాడో చెప్పేయచ్చు.

వెనకటికి బ్రిటన్‌లో ఈ ముగ్గురు కూడా ఉండేవారు కాదు. రింగ్‌లో తిరిగే రెఫరీయే మార్కులు కూడా వేసేవాడు, అదీ పావు పాయింట్లతో. 1971లో జో బగ్నర్ అనే కుర్రాడు అక్కడివాళ్ల అభిమాన హీరో హెన్రీ కూపర్‌ని 15 రౌండ్ల తర్వాత సరిగ్గా పావు పాయింటు తేడాతో ఓడించాడు. ఆ రెఫరీ హ్యారీ గిబ్స్‌ని కూపర్ అభిమానులు ఏళ్ల తరబడి క్షమించలేదు. పావలా తేడాకి పొలం గట్టు తగాదా అంత గొడవ.

గింజ ఏది, తాలు ఏది

రూల్స్ చెప్పే కొలతలు నాలుగు: శుభ్రంగా తగిలిన దెబ్బలు, ఫలితం ఇచ్చిన దూకుడు, రింగ్ మీద పెత్తనం, కాచుకోవడం. జడ్జీల క్లాసుల్లో ఈ నాలుగూ బోర్డు మీద రాస్తారు. ఏదానికి ఎంత బరువు ఇవ్వాలో తూకం వేసి చెప్పరు. గొడవంతా ఆ ఖాళీలోనే పుడుతుంది.

శుభ్రమైన దెబ్బ అంటే పిడికిలి కణుపుల భాగం ఎదుటివాడి ముఖం మీదో, తల పక్కనో, నడుముకి పైన ఒంటి మీదో అడ్డం లేకుండా పడడం. గ్లవ్స్ మీద పడింది, మోచేతి మీద పడింది, భుజానికి రాసుకుపోయింది లెక్కలోకి రావు. కొత్తగా చూసేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. కుప్ప తూర్పారబట్టేటప్పుడు చేట నిండుగానే కనబడుతుంది, గాలికి తాలు ఎగిరిపోయాక మిగిలేదే ధాన్యం. రౌండులో ఒకడు అరవై పంచ్‌లు విసిరితే అందులో గింజ ఎంతో చూడండి. మేనకోడలు మొదట్లో విసిరిన ప్రతిదానికీ గీత గీసేది. ఇప్పుడు ఎదుటివాడి తల కదిలితేనో, గార్డ్, అంటే అడ్డం పెట్టుకున్న చేతులు, దాటి లోపలికి వెళ్తేనో గీస్తోంది. ఆమె గీతలు సగానికి సగం తగ్గాయి.

దూకుడుకి ముందు "ఫలితం ఇచ్చిన" అన్న మాట ఊరికే పెట్టలేదు. ముందుకి నడుస్తూ దెబ్బలు తినేవాడు దూకుడుగా ఉన్నట్టు కాదు, ఎదురెళ్లి తన్నులు తింటున్నట్టు. మా బావకి ఇది ఎక్కడానికి రెండేళ్లు పట్టింది. పెత్తనం అంటే ఆట ఎక్కడ జరగాలో, ఎంత దూరంలో జరగాలో, ఎంత వేగంగా జరగాలో నిర్ణయిస్తున్నది ఎవరన్నది. వెనక్కి జరుగుతున్నవాడే ఎదుటివాణ్ణి తనకి కావలసిన చోటికి లాక్కెళ్తుండచ్చు. గాలానికి పడిన చేప బలంగా లాగుతుంది, తీగ మాత్రం గట్టు మీదవాడి చేతిలో ఉంటుంది.

కాచుకోవడం దగ్గరికొచ్చేసరికి జడ్జీలే రెండు వర్గాలు. 1993 సెప్టెంబరులో శాన్ ఆంటోనియోలో పెర్నెల్ విటేకర్, హూలియో సేసర్ చావెజ్ తలపడ్డారు. చావెజ్ అప్పటికి 87 ఫైట్లలో ఓటమి ఎరగడు. ముందుకి వస్తూనే ఉన్నాడు, విటేకర్ తల ఒక అంగుళం తిప్పి, నడుము వంచి, తప్పించుకుంటూ జాబ్ వేస్తూనే ఉన్నాడు. (జాబ్ అంటే ముందు చేత్తో సూటిగా వేసే పంచ్, ఉద్యోగం కాదు.) ఒక జడ్జి 115-113తో విటేకర్‌కి ఇచ్చాడు, ఇద్దరు 115-115 వేశారు. డ్రా. చూసినవాళ్లలో ఎక్కువమంది విటేకర్ గెలిచాడనే అన్నారు, నేనూ అంటాను. ఎదుటివాడి దెబ్బ గాల్లో పోయేలా చేయడం తప్పించుకోవడమా, గెలవడమా? ముందుకొచ్చేవాడికి విలువ ఇచ్చే జడ్జికి అది తప్పించుకోవడం. నాకు మాత్రం దెబ్బ గాల్లోకి పోయినవాడు ఆ క్షణం ఓడినట్టే. అయితే కాచుకున్నవాడు తిరిగి కొట్టాలి. ఊరికే కాచుకుంటే ఆ రౌండ్ ఇవ్వను.

నా వరస ఇది: ముందు శుభ్రమైన దెబ్బలు, వాటిలోనూ సంఖ్య కంటే బరువు. ఎవరివి ఎక్కువో తేలితే అక్కడితో ఆపేస్తాను. తేలకపోతేనే దూకుడు, తర్వాత పెత్తనం, ఆఖరికి కాచుకోవడం. మీ వరస మీది. ఏదైనా సరే, మొదటి బెల్ మోగక ముందే నోట్‌బుక్ అట్ట లోపల రాసుకోండి. అయిదో రౌండ్‌లో వరస మార్చారంటే మీరు మార్కులు వేయడం లేదు, మీకు నచ్చినవాడికి సాక్ష్యం వెతుకుతున్నారు.

1987 ఏప్రిల్ 6

దీనికి మించిన పాఠం నాకు దొరకలేదు. లాస్ వేగాస్‌లోని సీజర్స్ ప్యాలెస్‌లో మార్విన్ హాగ్లర్, షుగర్ రే లెనార్డ్, 12 రౌండ్లు. హాగ్లర్ మిడిల్‌వెయిట్ ఛాంపియన్. లెనార్డ్ దాదాపు మూడేళ్లుగా రింగ్ మొహం చూడలేదు. వీడియో దొరుకుతుంది, మేం నలుగురం ఒక వానాకాలం ఆదివారం కూర్చుని చూశాం. కార్డులు ముందే చెప్పనని ఒట్టు పెట్టించుకున్నారు.

హాగ్లర్ ఎడమచేతివాటం ఆటగాడు. మొదటి రౌండ్లలో ఎందుకో కుడిచేతివాటంగా నిలబడి ఆడాడు, ఆ రౌండ్లు చేజార్చుకున్నాడు. తర్వాత తన పద్ధతికి వచ్చి వెంటపడ్డాడు. లెనార్డ్ తాళ్ల చుట్టూ తిరుగుతూ, పట్టుకుంటూ, రౌండ్ ఆఖరి అరనిమిషంలో ఒక్కసారిగా రెండు చేతులతో జడివాన కురిపించినట్టు పంచ్‌లు విసిరేవాడు. వాటిలో బరువైనవి కొన్నే. కానీ బెల్ మోగేసరికి కళ్లకి మిగిలేది ఆ జడివానే.

మా బావ తొమ్మిది రౌండ్లు హాగ్లర్‌కి ఇచ్చాడు. "ఇంకోడు పారిపోతుంటే వాడికెలా ఇస్తాం?" అన్నాడు. మేనకోడలి గీతల్లో లెనార్డ్ పైచేయి. రాజుగారు తల ఊపుతూ, ఇద్దరిలో ఎవరి కాళ్లూ వణకలేదు, ఇది తేలే పందెం కాదన్నారు. నాకు 114-114 వచ్చింది, దానికి నేనే కొంచెం సిగ్గుపడ్డాను.

అప్పుడు కార్డులు చెప్పాను. ఒక జడ్జి 115-113 హాగ్లర్‌కి. ఒక జడ్జి 115-113 లెనార్డ్‌కి. మూడో జడ్జి 118-110 లెనార్డ్‌కి. స్ప్లిట్ డెసిషన్, అంటే ఇద్దరు జడ్జీలు ఒకరికి, మూడోవాడు ఇంకొకరికి ఇచ్చిన తీర్పు. లెనార్డ్ గెలిచాడు. హాగ్లర్ మళ్లీ రింగ్‌లోకి దిగలేదు.

"మొదటి ఇద్దరి కార్డులకీ డ్రాకీ ఒక్కో రౌండే తేడా మావయ్యా, అది అర్థమైంది. నువ్వా నేనా అన్నట్టున్న ఫైట్‌కి 118-110 ఎలా వస్తుంది?" అని మేనకోడలు అడిగింది. మంచి ప్రశ్న. తక్కెడలో ఒక పళ్లెం అడుగున చింతగింజ అంటించారనుకోండి. ఒక్కసారి తూస్తే ఆ తేడా ఎవరికీ పట్టదు. రెండు పక్కలా దాదాపు సమానంగా ఉన్నవాటిని పన్నెండుసార్లు తూస్తే? ప్రతిసారీ అదే పళ్లెం దిగుతుంది. జడ్జి నమ్మకం ఆ చింతగింజ. వేగం, చురుకుదనం ఇష్టపడే జడ్జికి ప్రతి దగ్గరి రౌండూ కొంచెం లెనార్డ్ వైపే ఒరుగుతుంది, ఆ కొంచేలన్నీ కలిసి పది రౌండ్లవుతాయి. కాబట్టి కార్డులో పెద్ద తేడా కనబడగానే ఆట ఏకపక్షమనీ, డబ్బు చేతులు మారిందనీ అనుకోనక్కర్లేదు. అలాగని 118-110ని నేను సమర్థించను. చింతగింజ ఉన్న సంగతి తూచేవాడికి తెలిసుండాలి.

2017 సెప్టెంబరులో ఇదే బొమ్మ మళ్లీ పడింది. కనేలో అల్వారెజ్, గెన్నడీ గోలోవ్‌కిన్. గోలోవ్‌కిన్ జాబ్ వేస్తూ ముందుకొస్తున్నాడు, అల్వారెజ్ తాళ్లకి ఆనుకుని ఎదురుదెబ్బలు వేస్తున్నాడు. ఒక కార్డు 115-113 గోలోవ్‌కిన్‌కి, ఒకటి 114-114, ఒకటి 118-110 అల్వారెజ్‌కి. మొత్తం మీద డ్రా. ఆ రోజు మా బావ పెసరట్టు సగంలో వదిలేసి వెళ్లిపోయాడు.

ఒలింపిక్స్ తూకం వేరు

టీవీలో మన పిల్లల ఫైట్లు చూసేటప్పుడు పైన చెప్పినదాంట్లో కొంత మర్చిపోవాలి. అక్కడ మూడే రౌండ్లు, ఒక్కోటి మూడు నిమిషాలు, జడ్జీలు అయిదుగురు. 10-10 కుదరదు, ఎవరో ఒకరికి ఇవ్వాలి. కింద పడ్డంత మాత్రాన 10-8 రాదు. నాణ్యమైన దెబ్బలు ఎన్ని, టెక్నిక్‌లోనూ వ్యూహంలోనూ పైచేయి ఎవరిది, పోటీ ఎవరు ఎక్కువ ఇచ్చారు అన్నవి చూస్తారు. మూడే రౌండ్లు కాబట్టి మొదటి రౌండ్ పోగొట్టుకుంటే మూడో వంతు ఆట పోయినట్టే.

ఈ పద్ధతి ఇక్కడిదాకా రావడానికి ఒక మచ్చ కారణం. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో రాయ్ జోన్స్ 86 దెబ్బలు తగిలిస్తే, కొరియా కుర్రాడు పార్క్ సి-హున్ 32 తగిలించాడు. తీర్పు 3-2తో పార్క్‌కి. ఆ ఒలింపిక్స్‌లో ఉత్తమ బాక్సర్ ట్రోఫీ మాత్రం ఓడిన జోన్స్‌కే ఇచ్చారు! ఆ గొడవ తర్వాత మనిషి అభిప్రాయాన్ని నమ్మడం మానేసి, 1992 బార్సిలోనా నుంచి బటన్లు పెట్టారు. అయిదుగురిలో ముగ్గురు ఒక సెకను లోపల బటన్ నొక్కితేనే ఆ దెబ్బ లెక్క. మా మేనకోడలికి ఇది స్వర్గం అనిపించింది. నేను కొంత ఆ కాలంలోనే ఆడాను కాబట్టి చెబుతున్నాను, అది ఆటనే మార్చేసింది. డొక్కలో ఎంత గట్టిగా కొట్టినా ముగ్గురి కళ్లకీ ఒకేసారి పడేది కాదు. వరసగా నాలుగు వేస్తే బటన్ ఒక్కసారే మోగేది. కుర్రాళ్లు దూరం నుంచి ఒకటి తాకించి వెనక్కి గెంతడం నేర్చుకున్నారు. అభిప్రాయం పోయిందనుకున్నారు గాని, బటన్‌కి అందే దెబ్బే దెబ్బ అన్నది కూడా ఒక అభిప్రాయమే కదా. 2013లో దాన్ని వదిలేసి పది మార్కుల పద్ధతికి వచ్చారు.

ఇక టోక్యోలో మేరీ కోమ్ మ్యాచ్. 51 కిలోల ప్రీ క్వార్టర్స్, కొలంబియాకి చెందిన ఇంగ్రిట్ వాలెన్సియాతో. మొదటి రౌండ్ 4-1 వాలెన్సియాకి. రెండోది 3-2 మేరీకి. మూడోదీ 3-2 మేరీకి. మూడింట్లో రెండు రౌండ్లు గెలిచింది కదా, మరి ఓడిందన్నారేంటి? ఆ రోజు మా స్టాఫ్ రూమ్‌లో లెక్కల మాస్టారు కూడా తికమకపడ్డారు. రౌండ్లని ఎవరూ అలా కలపరు. ప్రతి జడ్జీ తన మూడు రౌండ్లు తాను కూడుకుని ఒక విజేతని చెబుతాడు. బోర్డు మీద ఇలా రాసి చూపించాను: అయిదుగురు జడ్జీలు, మూడు రౌండ్లు, మొత్తం పదిహేను చిన్న తీర్పులు. అందులో వాలెన్సియాకి 4, 2, 2, అంటే ఎనిమిది. మేరీకి 1, 3, 3, అంటే ఏడు. ఇవి అయిదు కార్డుల్లో సర్దుకుంటే ముగ్గురు వాలెన్సియా వైపు, ఇద్దరు మేరీ వైపు తేలారు. ఒక జడ్జి 30-27తో మేరీకి ఇచ్చాడు, ఇంకొక జడ్జి అదే 30-27 వాలెన్సియాకి ఇచ్చాడు. ఒకే తొమ్మిది నిమిషాలు చూసి! వాళ్లిద్దరి చింతగింజలు ఎదురెదురు పళ్లేల కింద ఉన్నాయన్నమాట.

ఏకగ్రీవం అన్న మాటా అలాంటిదే. 2022లో ఇస్తాంబుల్‌లో మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 5-0తో ప్రపంచ ఛాంపియన్ అయింది. 5-0 అని విని ఏకపక్షమనుకుంటాం. ముగ్గురి కార్డులు 29-28. అంటే ఆ ముగ్గురూ తలా ఒక రౌండ్ థాయ్‌లాండ్ అమ్మాయికి ఇచ్చారు.

కుర్చీ ఎక్కడుందో చూసుకోండి

ఇది నా తప్పు కథ. ఒక సెలెక్షన్ పోటీ, స్కూల్ గ్రౌండ్‌లో షామియానా కింద రింగ్, సాయంత్రం. నాకు పడమటికి ఎదురుగా కుర్చీ వేశారు, ఎండ కంట్లో పడుతోంది. కుర్చీ పక్కకి జరుపుకోవచ్చు, బద్ధకించాను. మూడో రౌండ్‌లో ఎర్ర మూల కుర్రాడు నీలం మూల కుర్రాణ్ణి తాళ్ల దగ్గరికి నెట్టి ఆపకుండా కొట్టాడు. నాకు కనబడుతున్నది ఎర్ర కుర్రాడి వీపు, ఊగే భుజాలు. వినబడుతున్నది ఠాప్ ఠాప్‌మని చప్పుడు. 10-9 ఎర్రకి వేశాను. మిగతా ఇద్దరు జడ్జీలూ చెరొక కుర్రాడికి ఇవ్వడంతో నా కార్డే ఫలితం తేల్చింది.

నీలం కుర్రాడి తండ్రి రొయ్యల చెరువు దగ్గర కాపలా పనిచేస్తాడు. గేటు దగ్గర ఆగి, ఫోన్ నా చేతికిచ్చి, "మాస్టారండీ, మీరు కూకున్న కాడ్నించి మావోడి చెయ్యి కనబళ్లేదాండీ?" అన్నాడు. అరుపు లేదు, కోపం లేదు. వీడియో రింగ్ అవతలి పక్క నుంచి తీసింది. ఎర్ర కుర్రాడి దెబ్బలన్నీ గ్లవ్స్ మీదా మోచేతుల మీదా పడుతున్నాయి. వాటి మధ్యలో నీలం కుర్రాడి కుడిచెయ్యి పొట్టిగా, నాలుగుసార్లు, డొక్కలోకి దిగింది. నాలుగోదానికి ఎర్ర కుర్రాడి నోరు తెరుచుకుంది. నా కుర్చీ నుంచి ఆ నోరు కనబడే అవకాశమే లేదు.

"లేదండీ, కనబడలేదు," అన్నాను. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, "ఆయ్, అదేనండీ నేననుకున్నది," అని వెళ్లిపోయాడు.

అప్పటినుంచి రెండు పట్టుకున్నాను. చెవిని నమ్మను. గ్లవ్ మీద గ్లవ్ పడితే పెద్ద చప్పుడు, డొక్కలో దిగినదానికి అంత ఉండదు. జనం కేక కూడా చప్పుడుకే లేస్తుంది. రెండోది, వీపు కనబడుతుంటే ఆ ఆటగాడి చేతుల్ని ఊహించుకోను, ఎదుటివాడి తలా భుజాలూ చూస్తాను. నిజంగా దిగిన దెబ్బకి ఒళ్లు చెబుతుంది. టీవీలో చూసేవాళ్లకి కుర్చీ బాధ లేదు గాని కామెంటరీ ఉంది. కామెంటేటర్‌కి నచ్చినవాడి దెబ్బలే మనకి కనబడడం మొదలవుతాయి. మ్యూట్ చేసేయండి. మా ఇంట్లో రిమోట్ మేనకోడలి దగ్గరే ఉంటుంది. రౌండ్ల మధ్య స్లో మోషన్ చూపించేలోగానే మార్కులు రాసేయాలి, ఎందుకంటే రింగ్ పక్కన జడ్జికి ఆ స్లో మోషన్ ఉండదు.

చుక్క పెట్టడం

బెల్ మోగిన పది సెకన్లలో అంకెలు వేయండి. కారణం గడిలో రెండు మూడు మాటలు: "నీలం జాబ్", "ఎర్ర, రెండు కుడిచేతులు", "ఆఖరి అరనిమిషమే". ఆ మూడోది ఎక్కువసార్లు రాస్తున్నారంటే జాగ్రత్త, లెనార్డ్ మిమ్మల్ని పడేస్తున్నాడన్నమాట. మూడు నిమిషాల్లో మొదటి నిమిషానికీ ఆఖరి నిమిషానికీ ఒకే విలువ. పైన ఎంత అయిందో మధ్యలో కూడకండి. కూడితే వెనకబడ్డవాడి మీద జాలి వచ్చేస్తుంది, అది తర్వాతి రౌండ్ మార్కుల్లోకి జారుతుంది.

రాసేటప్పుడు చెయ్యి ఆగిందా? ఎవరికిచ్చినా తప్పు కాదనిపించిందా? మార్కు వేసి, పక్కన ఒక చుక్క పెట్టండి. అసలు ఉపయోగం ఈ చుక్కలదే.

ఫైట్ అయ్యాక చుక్క లేని రౌండ్లు ముందు లెక్కపెట్టండి. ఎర్రకి ఆరు, నీలానికి మూడు, చుక్కలవి మూడు అనుకోండి. చుక్కలన్నీ ఎర్రకే వేస్తే 117-111. అన్నీ నీలానికే వేస్తే 114-114. అంటే మీ లెక్కలో ఎర్ర ఘనంగా గెలిచినా న్యాయమే, డ్రా అయినా న్యాయమే. నీలం గెలిచిందంటే మాత్రం అరవడానికి మీకు హక్కుంది. ఎర్రకి అయిదు, నీలానికి నాలుగు, చుక్కలు మూడు అయితే? 116-112 ఎర్ర నుంచి 115-113 నీలం దాకా ఏదొచ్చినా నోరు మూసుకోవాలి. "దోచేశారు" అని ఫోన్లు తీసేవాళ్లలో చాలామందికి ఈ రెండో రకం ఫైట్‌కీ మొదటి రకానికీ తేడా తెలియదు.

చుక్క లేని రౌండునే తప్పుగా ఇస్తే అది వేరే సంగతి. 1999 మార్చిలో న్యూయార్క్‌లో లెనాక్స్ లూయిస్, ఇవాండర్ హోలీఫీల్డ్ ఫైట్. తగిలిన దెబ్బలు లెక్కపెట్టినవాళ్లు లూయిస్‌కి 348, హోలీఫీల్డ్‌కి 130 చెప్పారు. ఒక కార్డు 116-113 లూయిస్‌కి, ఒకటి 115-115, ఒకటి 115-113 హోలీఫీల్డ్‌కి, డ్రా. ఆ మూడో కార్డులో అయిదో రౌండ్ కూడా హోలీఫీల్డ్‌దే. లూయిస్ అతన్ని తాళ్ల దగ్గర పెట్టి కొట్టిన రౌండ్ అది. మేం ఆ ఒక్క రౌండే రెండుసార్లు వేసుకుని చూశాం. మా బావ, రాజుగారు, మేనకోడలు, నేను, నలుగురం నాలుగు రకాల మనుషులం, అందరం లూయిస్‌కే ఇచ్చాం, ఒక్కరూ చుక్క పెట్టలేదు. నమ్మకం మారితే మారే రౌండ్ కాదది. అదే ఏడాది నవంబరులో మళ్లీ తలపడితే లూయిస్ ముగ్గురి కార్డుల మీదా గెలిచాడు.

ఇంకొక్క పని. ఫలితం చదవకముందే నోట్‌బుక్‌లు మార్చుకోండి. అంకెలు కాదు, కారణం గడి చదవండి. మా బావ గడుల్లో ఇప్పటికీ "ముందుకొచ్చాడు" అనే ఎక్కువ, కాకపోతే ఈ మధ్య కొన్నిచోట్ల "ముందుకొచ్చాడు, తిన్నాడు" అని రాసి ఎదుటివాడికి 10 వేస్తున్నాడు. మేనకోడలు గీతల్లో కొన్నిటిని లావుగా దిద్దుతోంది, బరువైనవి అవట. రాజుగారికి నోట్‌బుక్ కొనిచ్చి ఏడాదైంది. పందెంలో ఒకటి పడాలి లేదా పారిపోవాలి, మధ్యలో ఈ కాగితాలేంటని దాన్ని కాఫీ గ్లాసు కింద పెట్టుకునేవారు. పోయిన ఆదివారం గ్లాసు తీస్తే కింద పన్నెండు రౌండ్లూ రాసున్నాయి, తొమ్మిదికి చుక్కలు.